అత్తగారి తొమ్మిది మాత్రలు

ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ ఆయన్ని పాదరసం అనే పిలిచేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఎక్కడో తలుపు ఇరుక్కుందని ఫోను వస్తే, అవతలివాళ్ళ మాట పూర్తికాకముందే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసేవాడు. పేపరు నిలబడి చదివేవాడు, టీ నడుస్తూ తాగేవాడు. సినిమాకి తీసుకెళ్తే సగంలో లేచిపోయి, హాలు వెనక జనరేటర్ సరిగా తిరుగుతోందో లేదో చూసి వచ్చేవాడు. ఇంతమందిని పైకీ కిందకీ తిప్పిన మనిషి తాను మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో కాపురం ఉన్నాడు. దాని మీద జోకు వేయని తోటి మెకానిక్ లేడు.

అరవై నిండి ఇంటికి పంపేశాక ఈయన కాళ్ళకి పని ఎక్కడ దొరుకుతుందా అని భార్యకి దిగులు పట్టుకుంది. ఆవిడకి బస్ డిపోలో డ్యూటీ చార్టులు వేసే ఉద్యోగం, ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. పొద్దున ఏడున్నరకి వెళ్తే సాయంత్రం ఆరింటికి గానీ రాదు. పిల్లలు లేరు. పగలంతా ఆ రెండు గదుల్లో ఈయన ఒక్కడే ఉంటే ఫ్యాను విప్పి బిగిస్తాడో, గోడలే విప్పుతాడో తెలియదు.

ఆ దిగులు రెండు నెలల్లోనే తీరింది. ఆయన అత్తగారు వచ్చింది.

అత్తగారిది డెబ్భై ఎనిమిదేళ్ళ వయసు. నూలు మిల్లు క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషిగా చేసి దిగింది. గంటసేపు భోజన విరామంలో నాలుగు వందల పళ్ళేలు నింపిన చెయ్యి. ఎత్తుగా, కంచు గొంతుతో, సూపర్‌వైజరైనా సరే వరసలో నిలబడాల్సిందే అనే మనిషి. ఆ మిల్లు ఎప్పుడో మూతబడి గోడౌన్ అయింది. అయినా ఆవిడ తెల్లారేసరికి తయారై ఆ గేటు ముందు నిలబడటం మొదలుపెట్టింది. రెండుసార్లు వాచ్‌మన్ ఫోను చేశాడు. మూడోసారి కూతురు వెళ్ళి, బట్టల పెట్టెతో సహా తీసుకొచ్చేసింది. డాక్టరు మతిమరుపు జబ్బు అని పేరు పెట్టి మాత్ర రాశాడు.

అల్లుణ్ణి ఆవిడ మొదటినుంచీ అల్లుడు అని పిలిచింది లేదు. పెళ్ళైన కొత్తలో ఎగతాళిగా మొదలుపెట్టిన "మెకానిక్" అన్న పిలుపే మిగిలిపోయింది. ఇప్పుడు కూతురి పేరు తడుముకునేది గానీ, ఆ పిలుపు మాత్రం మరవలేదు.

"మెకానిక్, మీ లిఫ్టు రాలేదు. ఎంతసేపటినుంచి నిలబడ్డానో తెలుసా?" అని వంటగది తలుపు ముందు నిలబడి అడిగేది.

"వస్తోందండీ అత్తయ్యగారూ. రెండో అంతస్తులో ఉంది" అనేవాడు.

పాదరసానికి కొత్త పని దొరికింది. అది కూడా తన చేతికి అలవాటైన పనే. మరలు, బోల్టులు వేసుకునే అరల డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి, దాన్ని మాత్రల డబ్బా చేశాడు. ఒక్కో అర మీద పేరు చీటీ అంటించాడు. మాత్రల అసలు పేర్లు నోరు తిరగవు కాబట్టి తన పేర్లే పెట్టాడు: మతి, బీపీ, కడుపు, ఎముక, రక్తం. లిఫ్టు గదిలో గోడకి వేలాడే రికార్డు పుస్తకంలాంటిదే ఇంట్లోనూ పెట్టాడు. ఏ మాత్ర ఏ గంటకి వేసిందీ, ఎప్పుడు పడుకుందీ, ఎప్పుడు లేచిందీ, బాత్రూమ్‌కి ఎన్నిసార్లు వెళ్ళిందీ అన్నీ అందులో ఎక్కేవి. సాయంత్రం భార్య వచ్చేసరికి ఆ పుస్తకం చూపించి, "ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు" అనేవాడు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత మార్చిలో డాక్టరు మతి మాత్రని రెట్టింపు చేశాడు. ఏప్రిల్ వచ్చేసరికి అత్తగారు ఒకటే పరుగులు. బాత్రూమ్ చేరేలోపే బట్టలు తడిసేవి. అంతటి మనిషి సిగ్గుతో తలుపు వెనక నిలబడి బయటికి వచ్చేది కాదు. పాదరసం ఊరుకుంటాడా, ఆ మధ్యాహ్నమే వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేయమని మూత్రం మాత్ర ఇచ్చాడు. పరుగులు కొంచెం తగ్గాయి. కానీ ఆవిడ నోరు ఎండిపోయేది, నాలుక అంగిలికి అంటుకుపోయేది. పెట్టిన ముద్ద బుగ్గలో అలాగే ఉండిపోయేది. మనుషుల్ని ఇంకా కలగాపులగం చేసుకునేది. జూన్‌లో ఇల్లంతా తిరగడం మొదలైంది. గుమ్మం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి, కాలుగాలిన పిల్లిలా. మూడో డాక్టరు దానికీ ఒక మాత్ర రాశాడు. పాదరసం దానికి "కుదురు" అని చీటీ రాసి అతికించాడు. అదీ రోజుకి రెండుసార్లు.

అలా లెక్క తొమ్మిదికి చేరింది.

కుదురు మాత్ర వేశాక ఆవిడ మధ్యాహ్నం భోజనం వేళకి కుర్చీలోనే తల వాల్చేసేది. లేపితే చిరాకు పడేది. చేతి గడియారం పట్టీ వదులై మోచేతిదాకా జారిపోతుంటే, పాదరసం సూదిమొనతో ఇంకో కన్నం వేశాడు. ఆగస్టులో మరో కన్నం. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆగడం ఆయన ఒంటికి పడని పని.

ఇంతలో అత్తగారు మాత్రలు ఉమ్మేయడం మొదలుపెట్టింది. నాలుక కింద దాచుకుని, ఈయన అటు తిరగ్గానే కిటికీలోంచి విసిరేసేది. కింద అంతస్తులో ఉండే టైలరు ఒకరోజు తన బాల్కనీలో దొరికిన నాలుగు మాత్రలు చేతిలో పెట్టుకుని పైకి వచ్చి, "అన్నయ్యా, ఇవి మీవేనా? మా పిట్టలు తినేస్తే బీపీ పడిపోతుందేమో" అన్నాడు. పాదరసం నవ్వలేకపోయాడు. ఆ రోజు రికార్డు పుస్తకంలో నాలుగు ఖాళీలు పడ్డాయి. అవి చూస్తుంటే ఆయనకి ఒళ్ళు మండింది.

మర్నాటినుంచి మాత్రల్ని రెండు స్పూన్ల మధ్య పెట్టి నూరి, పాలలో కలపడం మొదలుపెట్టాడు.

ఒకటి మరిచిపోయాడు. ఆవిడకి ఏం పోయినా నాలుక పోలేదు. నాలుగు వందల మందికి వండిన నాలుక అది.

"ఈ పాలు పాడయ్యాయి. వెనక్కి పంపించు" అంది మొదటి గుటకకే.

అరటిపండులో పెట్టాడు. "పండు చేదెక్కింది. ఎవరు తెచ్చారు ఈ సరుకు?" అంది. జావలో కలిపాడు, అన్నంలో కలిపాడు. ఒక్కో రోజు ఒక్కో దాంట్లో కలుపుతూ పోయాడు. ఆవిడ ఒక్కో రోజు ఒక్కోటి మానేస్తూ పోయింది. పాలు పోయాయి, పండు పోయింది, జావ పోయింది. చివరికి ఈయన చేత్తో ఏది తెచ్చినా మొహం తిప్పేసేది. "నాకు తెలుసులే" అనేది, ఏం తెలుసో చెప్పకుండా. ఒక్క ఉడికించిన గుడ్డు మాత్రం పెంకుతో ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, తానే ఒలుచుకుని తినేది. పెంకు మీద చిన్న పగులున్నా పక్కకి నెట్టేసేది.

అక్టోబరులో బరువు చూస్తే నలభై మూడు. వచ్చినప్పుడు యాభై రెండు.

ఆ సాయంత్రం భార్య బ్యాగు కూడా దించకుండా తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ భుజం ఎముక మీద చెయ్యి వేసి ఉండిపోయింది. పాదరసం రికార్డు పుస్తకం తెచ్చాడు.

"ఇవాళ తొమ్మిదికి తొమ్మిదీ పడ్డాయి" అన్నాడు.

"నేను మందు గురించి అడగడం లేదండీ. అమ్మ ఏం తిన్నది?"

ఆయన పేజీ తిప్పాడు. ముందు పేజీ చూశాడు, దానిముందు పేజీ చూశాడు. ఆ పుస్తకంలో తిండికి గడే లేదు.

"గుడ్డు తిన్నది" అన్నాడు.

"పొద్దున్నుంచి ఒక్క గుడ్డా?"

"సగం."

  భార్య లేచి వంటగదిలోకి వెళ్ళి, సింకు పక్కన ఆ రెండు స్పూన్లనీ చూసింది. తెల్లటి పొడి అంటుకుని ఉంది. నీళ్ళు తిప్పి కడిగి, తడి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆవిడ డిపోకి వెళ్ళిన వెంటనే పాదరసం ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఈ మనిషిని మందులే తినేస్తున్నాయి, అందుకే ఈవిడ తిండి తినడం లేదు అనుకున్నాడు. అనుకున్నది సగం నిజం. కానీ సగం నిజంతో ఊరుకుని ఇంకొకరిని అడిగే ఓపిక ఆయనకి లేదు. అరల డబ్బా మూత పెట్టి అలమారా పైకి తోసేశాడు. ఏ మాత్రా వేయలేదు. భార్యకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, వద్దంటుందని తెలుసు కాబట్టి.

మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ మెలకువగా ఉంది. కళ్ళలో ఏదో తేటదనం వచ్చింది. గుడ్డు మొత్తం తిని, "ఎవరు ఉడికించారు? చెయ్యి తిరిగినవాళ్ళే" అంది. పాదరసానికి ఒళ్ళు గాల్లో తేలినట్టయింది. గదంతా నాలుగు చుట్లు తిరిగాడు. మూడో రోజు ఆవిడ చెయ్యి వణికింది. ఒకటే తిరుగుడు, పడుకోదు, పడుకోనివ్వదు. చెమటలు పట్టాయి. బలహీనత అనుకున్నాడు. అలా అనుకోవడమే ఆ క్షణానికి తేలిగ్గా ఉంది.

నాలుగో రోజు పొద్దున పదింటికి గుమ్మం దగ్గర నిలబడి, "తల పగిలిపోతోంది మెకానిక్" అంది. ఆయన చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేలోపు తలుపు చట్రానికి కొట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయింది. కనుబొమ్మ దగ్గర చిట్లి రక్తం వచ్చింది.

టైలరూ, ఆయనా కలిసి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, కొలత టేపులతో నడుముకి కట్టి, మూడంతస్తుల మెట్లు దించారు. జీవితంలో మొదటిసారి పాదరసం ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ దిగాడు. 

ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు ఇంకోసారి చూసింది. రెండు వందల పది. కనుబొమ్మకి మూడు కుట్లు పడ్డాయి. డ్యూటీ డాక్టరు ఏయే మందులు వాడుతున్నారని అడిగేసరికి డిపో నుంచి భార్య కూడా వచ్చేసింది. ఆటోలోంచి దిగి పరిగెత్తుకొచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు. పర్సులోంచి మందుల కాగితాలు తీస్తోంది.

"మీ పుస్తకం తెచ్చారా?" అంది భర్తతో. "చూపించండి. అన్నీ టైముకే పడుతున్నాయి డాక్టరుగారూ."

పాదరసం ఖాళీ చేతులు చూపించాడు.

"నాలుగు రోజులనుంచి ఏదీ వేయలేదండీ. నేనే మానేశాను" అన్నాడు.

"బీపీది కూడానా?"

"అన్నీ."

డాక్టరు తిట్టలేదు. ముఖం మాత్రం మారింది. వెంటనే నర్సుని పిలిచి ఏదో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. భార్య ఆ కాగితాలు మళ్ళీ మడతపెట్టి పర్సులో పెట్టుకుంది. మడత మీద మడత, ఇంక మడత పడనంతగా. రెండు రోజులపాటు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. వార్డు బయట బల్లకి ఈ చివర ఆవిడ కూర్చునేది. ఆయన అటూ ఇటూ నడుస్తుండేవాడు.

మూడో రోజు ఒక పొట్టి ఆవిడ వచ్చింది. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తానని చెప్పింది. ఇంట్లో ఉన్న మందులు ఒక్కటి కూడా వదలకుండా, పాతవి, అయిపోయినవి, కొన్నాక వాడనివి, అన్నీ సంచిలో వేసుకు రమ్మంది. పాదరసం గంటలో తెచ్చాడు. అరల డబ్బా, రికార్డు పుస్తకం కూడా తెచ్చాడు.

ఆవిడ బల్ల మీద తన పక్కన చోటు చూపించింది. "కూర్చోండి."

"పర్లేదు మేడమ్, నిలబడతాను."

"మీరు నిలబడితే నా మెడ నొప్పి పెడుతుంది. కూర్చోండి."

కూర్చున్నాడు. ఆవిడ మందుల సంచి తెరవలేదు. ముందు పుస్తకం తీసింది. మార్చి నుంచి ఒక్కో పేజీ తిప్పుతూ, మధ్యలో వేలు పెట్టి వెనక్కి వెళ్తూ, అరగంట చదివింది. ఆ అరగంటలో పాదరసం మోకాలు ఊగుతూనే ఉంది.

"ఇంత వివరంగా ఎవరూ రాయరండీ. మా పని సగం మీరే చేశారు" అంది చివరికి. "మతి మాత్ర రెట్టింపు చేసింది మార్చి నాలుగున. బాత్రూమ్ పరుగులు ఏప్రిల్ మొదటి వారం. చూశారా?"

"చూశాను. అందుకే క్లినిక్‌కి తీసుకెళ్ళాను."

"ఆ మాత్ర కొందరికి అలా చేస్తుంది. ఆకలి కూడా తగ్గిస్తుంది, కడుపులో తిప్పుతుంది. దాన్ని కొత్త జబ్బు అనుకుని మూత్రం మాత్ర ఇచ్చారు. మూత్రం మాత్ర నోరు ఎండగొడుతుంది. ఈ వయసులో తికమక పెంచుతుంది. పైగా మతి మాత్ర ముందుకు తోస్తుంటే ఇది వెనక్కి లాగుతుంది. ఆ తికమకకి ఆవిడ తిరుగుతుంటే, కుదురు మాత్ర. అది వేస్తే భోజనం వేళకి నిద్ర."

పాదరసం ఆ పుస్తకం వైపే చూస్తున్నాడు. అన్నీ తన చేతిరాతే. ఒక్కో రోజూ తానే రాశాడు. ఒక్కసారైనా వెనక్కి తిప్పి చదవలేదు. లిఫ్టు ఆగితే ముందు ఆగిన కారణం వెతికేవాడు గానీ, చేతికందిన భాగమల్లా మార్చిన పాపాన పోలేదు.

"డాక్టర్లు తప్పు చేశారంటారా?" అన్నాడు.

"ముగ్గురు డాక్టర్లు కదా. మిగతా ఇద్దరూ ఏం ఇచ్చారో ఒక్కొక్కరికీ ఎవరు చెప్పారు?"

"ప్రతిసారీ ఆ జబ్బు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళాను" అన్నాడు నెమ్మదిగా.

"అందరూ అంతే చేస్తారు. మందులు ఎలా వేశారు? మింగేవారా?"

"నూరి తిండిలో కలిపాను."

ఆవిడ కళ్ళజోడు తీసింది. కడుపు మాత్ర మీద పొర ఉంటుందనీ, అది నూరితే మందు చేరాల్సిన చోటికి చేరదనీ, కుదురు మాత్ర నూరితే ఆ చేదుకి విరుగుడే లేదనీ చెప్పింది. ఏ మాత్ర నూరవచ్చో, ఏది నూరకూడదో, దేనికి బదులు నీళ్ళ మందు దొరుకుతుందో అడగాలనీ, అడగకుండా తిండిలో కలపకూడదనీ చెప్పింది. "ఆవిడకి మందు గుర్తుండదు. చేదు గుర్తుంటుంది. ఎవరు పెట్టారో కూడా గుర్తుంటుంది" అంది. తర్వాత ఇలా అంది: "మానేయాల్సినవి ఉన్నాయని మీకు అనిపించింది చూడండి, అది తప్పు కాదు. అన్నీ ఒకేసారి ఆపారు, ఎవరికీ చెప్పకుండా ఆపారు. అదీ తప్పు. బీపీ మందు అలా ఆపితే ఏమవుతుందో చూశారు. కుదురు మాత్ర కూడా అంతే, మెట్లు దిగినట్టు దిగాలి."

బల్ల అవతలి చివర కూర్చున్న భార్య అంతా వింటోంది. ఆ సాయంత్రం రెండు టీ కప్పులతో వచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చింది.

"నాకు చెప్పి ఉండాల్సింది" అంది.

"నువ్వు వద్దంటావని చెప్పలేదు."

"అనేదాన్ని. అందుకే చెప్పి ఉండాల్సింది."

మందులావిడా, వార్డు డాక్టరూ కలిసి చీటీ మళ్ళీ రాశారు. మూత్రం మాత్ర తీసేశారు. మతి మాత్ర పాత కొలతకి తగ్గించారు. కుదురు మాత్ర ఆరు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపమన్నారు. రక్తం మాత్రకి నీళ్ళ మందు ఇచ్చారు. బీపీది మాత్రం ఒక్క రోజు తప్పినా ఫోను చేయమన్నారు. ఇంటికి వచ్చాక అరల డబ్బా మీద చీటీలు భార్య రాసింది, అసలు పేర్లతో. మాత్రలు ఆవిడే పొద్దున తీసి పెట్టి వెళ్ళేది. డబ్బా అలమారాలో పెట్టి తాళం వేసేది. ఆ తాళం గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ క్లిక్కుమనే చప్పుడు మాత్రం పాదరసం రోజూ విన్నాడు.

మందులు సర్దుకున్నంత తేలిగ్గా తిండి సర్దుకోలేదు. నోరు తడి అయింది, మధ్యాహ్నాలు మెలకువ వచ్చింది, అయినా ఆవిడ ఆయన చేతి పళ్ళేన్ని నమ్మలేదు. వారం రోజులు అదే మొహం తిప్పుడు, అదే "నాకు తెలుసులే." పాదరసం ఎదురుగా నిలబడి, అదే గిన్నెలోంచి ముందు తాను రెండు ముద్దలు తిని చూపించేవాడు. ఆవిడ చూసేది. ఒక ముద్ద తీసుకునేది. అంతలో ఈయన నీళ్ళకో, గరిటెకో, కిటికీ వేయడానికో కదిలేవాడు. ఆవిడా లేచిపోయేది. మళ్ళీ తిరుగుడు.

ఒక ఆదివారం భార్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"మీరు లేస్తే అమ్మ లేస్తోందండీ."

"నేనెక్కడ లేచాను?"

"ఇప్పుడు లేచి నిలబడే అడుగుతున్నారు."

ఆయన కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు కూర్చోవాలని గోడ గడియారం చూసి ఒట్టు పెట్టుకున్నాడు. ఇరవై అంతస్తుల లిఫ్టు షాఫ్టులో తలకిందులుగా వేలాడి పనిచేసినప్పుడు కూడా ఆయనకి అంత కష్టమనిపించలేదు. బల్ల కింద మోకాలు అదురుతుంటే రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాడు. వంటగదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. వాషర్ మార్చాలి, రెండు నిమిషాల పని. లేవలేదు. ఆవిడ అన్నాన్ని చేత్తో తాకి చూసింది, వాసన చూసింది. తర్వాత తన గిన్నె పక్కకి జరిపి, ఆయన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. ఆయన ఎంగిలి పళ్ళెం అని కూడా చూడలేదు. ఈయన ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు, పిచ్చుక కిటికీ మీద వాలినప్పుడు కూర్చున్నట్టు.

ఆ రోజునుంచి ఒకే పెద్ద పళ్ళెం. ముగ్గురూ ఉంటే ముగ్గురూ అందులోంచే. రికార్డు పుస్తకంలో కొత్త గడి వెలిసింది: ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎవరున్నారు. మూడు పూటలకి బదులు ఆరుసార్లు, కొద్దికొద్దిగా. గుడ్డులో వెన్న, పాలలో పాలపొడి, అన్నంలో పెరుగు మీద మీగడ. కూర్చోని రోజుల్లో, ఆవిడ నడుస్తుంటే పక్కనే నడుస్తూ చేతికి ఒక్కో ముక్క అందించేవాడు: రొట్టె ముక్క, ఉడికిన దుంప, ఒలవని పండు. ఆ పద్ధతి మందులావిడ చెప్పిందే. నడిచే మనిషికి నడుస్తూ తినేది పెట్టమంది. కిటికీ దగ్గరికి వెళ్ళేలోపు ఒక ముక్క, గుమ్మానికి వచ్చేలోపు ఒక ముక్క. అలా మధ్యాహ్నం పన్నెండు చుట్లు తిరిగితే ఒక పూట భోజనం అయిపోయేది. కొన్నిసార్లు ఆవిడే గరిటె లాక్కుని వడ్డించేది. "వరసలో రావాలి. ముందు నైట్ షిఫ్టు వాళ్ళు" అనేది. పాదరసం నైట్ షిఫ్టువాడై నిలబడేవాడు. అలా రెండోసారి, మూడోసారి వరసలోకి వచ్చినవాడికి పెడుతూ పెడుతూ తానూ తినేది.

జనవరి చివరికి బరువు నలభై ఐదున్నర. ఆ తర్వాత ముల్లు ఇక కదల్లేదు. తడిసిన బట్టలు ఇంకా ఉన్నాయి గానీ గంట గంటకీ బాత్రూమ్‌కి తీసుకెళ్తుంటే తగ్గాయి. మతి ఏమీ తిరిగి రాలేదు. ఒకరోజు కూతురిని చూసి, "ఈ అమ్మాయి మంచిది, రోజూ వస్తుంది" అంది. ఆ రాత్రి కూతురు అన్నం ముట్టలేదు. పాదరసం ఆవిడ ఎదురుగా కూడా కూర్చున్నాడు, ఇరవై నిమిషాలకన్నా ఎక్కువే.  ఆవిడ కాసేపటికి రెండు ముద్దలు తిన్నది.

ఏప్రిల్‌లో అదే ఆసుపత్రికి మళ్ళీ చూపించడానికి వెళ్ళారు. పాత డాక్టరు బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, అత్తగారు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతుంటే చూసి, కలం తీశాడు.

"ఇలా తిరుగుతూనే ఉంటారా? మీకు కష్టంగా ఉంటుంది కదా. కొంచెం స్థిమితంగా ఉండటానికి ఒక మాత్ర రాస్తాను."

ఆరు నెలల క్రితం పాదరసమైతే ఆ చీటీ పట్టుకుని ఈపాటికి మందుల షాపులో ఉండేవాడు. ఇప్పుడు సంచి బల్ల మీద పెట్టాడు. అందులో అన్ని మందులూ ఉన్నాయి, పుస్తకమూ ఉంది.

"రాయకముందు ఇవి ఒకసారి చూడండి సార్. ఇలాంటిదే పోయిన ఏడాది వాడాం. మధ్యాహ్నం తిండి పోయింది. ఈవిడ తిరుగుతుంది, నిజమే. తిరుగుతూ తింటుంది కూడా. కూర్చోబెట్టేస్తే తిండి ఏమవుతుందో చెప్పండి. తప్పదంటే వేస్తాం."

డాక్టరు కలం పక్కన పెట్టి పుస్తకం తీసుకున్నాడు. నాలుగైదు పేజీలు తిప్పాడు. "ఎవరు రాశారిది?" అన్నాడు. భార్య భర్త వైపు చూపించింది. ఇప్పటికి వద్దులెండి, నెల రోజులు ఇలాగే చూద్దాం అన్నాడు డాక్టరు, బరువు తగ్గితే ముందే రమ్మన్నాడు.

బయటికి వచ్చాక ఆటో పిలిస్తే అత్తగారు ఎక్కనంది. "షిఫ్టు టైమైంది, నడిస్తేనే అందుకుంటాం" అని పేవ్‌మెంట్ మీద బయల్దేరింది. భార్య ఆటోవాణ్ణి ఆపి, ఏం చేయమంటారన్నట్టు చూసింది.

"నువ్వు ఎక్కి వెళ్ళు, నీకు డిపోకి టైమవుతుంది. మేం తర్వాతి స్టాపులో బస్సెక్కుతాం" అన్నాడు పాదరసం.

"ఆవిడ అక్కడ కూడా ఎక్కకపోతే?"

"ఆ తర్వాతి స్టాపు."

భార్య హ్యాండ్‌బ్యాగులోంచి అలమారా తాళంచెవి తీసి ఆయన చొక్కా జేబులో వేసింది. "మధ్యాహ్నం బీపీది మీరే వేయాలి. నాకు ఇవాళ ఆలస్యమవుతుంది" అని ఆటో ఎక్కింది.

అత్తగారు అప్పటికే పుస్తకాల షాపు దాటేసింది. పాదరసం పెద్ద పెద్ద అంగలు వేసి ఆవిడని కలుసుకుని, సంచిలోంచి ఒక అరటిపండు తీసి ఇచ్చాడు. ఆవిడ అది తిప్పి చూసి, ఎక్కడా చీలిక లేదని నిర్ధారించుకుని, నడక ఆపకుండానే ఒలవడం మొదలుపెట్టింది.